నూట పది అడుగుల లోతులో నత్రజని మత్తు, పైన నా చేతిలో తాడు

ఇందుమూలముగా ఆళ్లగడ్డ, నంద్యాల, ఆత్మకూరు, డోన్ బస్టాండ్లలో వేచియుండు సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా, కదులుతున్న బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినంత మాత్రాన సీటు సొంతమైపోదు. తువ్వాలు సీటు మీదే పడాలి. పక్క మనిషి ఒళ్లో పడిన తువ్వాలు చెల్లదు. తడి తువ్వాలు అసలే చెల్లదు. జేబురుమాలును తువ్వాలుగా పరిగణించరాదు. నలభై ఆరేళ్ల బస్సు అనుభవంతో తేల్చిన ఈ తీర్పు మీద అప్పీలు లేదు.

ఇక అసలు సంగతి. నేను ఆళ్లగడ్డలో మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి, ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాణ్ణి. పేరు మద్దిలేటి. చదువు ఎనిమిదో తరగతి, అది కూడా రెండుసార్లు. ఊళ్లో నా మాట ఎవరూ నమ్మరు. అందుకు తగ్గ పనులు చాలా చేశాను కాబట్టి ఆ విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు. ఈ వేసవిలో నంద్యాల నుంచి ఒక కార్డు వచ్చింది. రాసింది సలోమి. ఆమె అక్కడ రెండో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. ఆమె భర్త జయపాలు నీళ్లలో మునిగి పనిచేసే మనిషి. శ్రీశైలం డ్యాము కట్టేటప్పుడు వీపుకు గాలి సిలిండరు కట్టుకుని లోతు నీళ్లలోకి దిగి పనిచేశాడు. వాళ్ల బడి బావిలో మోటారు బాగుచేయడానికి పోయినప్పటి నుంచి వాళ్లిద్దరూ నాకు తెలుసు. కార్డులో నాలుగే వాక్యాలు. బేతంచెర్ల అవతల ఒక పాత ముగ్గురాయి గనిలో ఇంజిను మునిగింది, ఆయన దిగుతానని ఒప్పుకున్నాడు. అంత లోతులో ఆయనకు మత్తు ఎక్కుతుంది, ఎక్కలేదని వాదిస్తాడు. పైన తాడు పట్టుకోవడానికి మీరు రావాలి అన్నా. ఆయన మాట నమ్మని మనిషి మీరు తప్ప నాకింకెవరూ తెలియదు.

ఇంత గౌరవంగా నన్నెవరూ పిలవలేదు. మర్నాడే బయల్దేరాను.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు మొదటి బస్సు ఐదింటికి. టికెట్టు నాలుగు రూపాయల చిల్లర. శిరివెళ్ల మీదుగా గంటా ఇరవై నిమిషాల్లో దింపుతుంది, దారిలో డ్రైవరు బంధువులెవరూ చెయ్యెత్తకపోతే. ఆరున్నరకు నంద్యాల బస్టాండు పక్క హోటల్లో జయపాలు, సలోమి నాకోసం కూర్చుని ఉన్నారు. ఉగ్గాని బజ్జీ చెప్పాను. జయపాలు ఒక ఇడ్లీ మాత్రం తిన్నాడు, బజ్జీ ముట్టలేదు. హోటలాయనకు అది నచ్చలేదు. ఏందప్పా, మా నూనె మీద అనుమానమా అన్నాడు. ఈయప్ప తిని నూట పది అడుగుల నీళ్ల కింద కక్కుకుంటే నువ్వొచ్చి తుడుస్తావా అని నేనడిగాను. ఆయన ఇంకో ఇడ్లీ ఊరికే పెట్టాడు.

ఏడింటికి జీపు వచ్చింది. పంపించింది గని పక్క పల్లెలో పెద్ద రైతు శివారెడ్డి. డ్రైవరు పేరు మస్తాను. గతుకుల దారిలో గాలికి పోయినట్టు నడుపుతాడని సలోమి ముందే భయపడుతోంది. పాణ్యం దాటగానే నేను మస్తాను చెవిలో ఒక మాట వేశాను. వెనకున్న ఆ రెండు సిలిండర్లలో గాలిని అణిచి అణిచి కుక్కారని, గుంతలో గట్టిగా ఎగిరిపడితే మనం బేతంచెర్లకు రోడ్డు మీద కాకుండా పైనుంచి చేరతామని చెప్పాను. ఆ తర్వాత ఎద్దులబండి మమ్మల్ని దాటిపోయింది. గంటన్నర దారి రెండు గంటలు పట్టింది గాని, ఎవరి నడుమూ విరగలేదు.

దారిలో జయపాలు ఈ మత్తు సంగతి నాకు వివరించాడు. లోతు నీళ్లలో పని చూడాలనుకునేవాళ్లు ఈ ముక్క శ్రద్ధగా చదవాలి. మనం పీల్చే గాలిలో ఐదు పాళ్లుంటే నాలుగు పాళ్లు నత్రజనే. యూరియా బస్తాలో ఉండేది కూడా అదే. పైన ఉన్నంతసేపు అది మన జోలికి రాదు, లోపలికి పోయి వస్తుంది, అంతే. వంద అడుగులు దిగేసరికి నీటి బరువు గాలిని నొక్కుతుంది, నొక్కిన గాలిలో నత్రజని మెదడుకు సారాలాగా పనిచేస్తుంది. కొందరికి భయం పుడుతుంది, కొందరికి సంతోషం పుడుతుంది. సంతోషమే ఎక్కువ ప్రమాదం. వేగంగా దిగితే, కింద ఆయాసపడితే, చలేస్తే, రాత్రి నిద్ర లేకపోతే ఇంకా తొందరగా ఎక్కుతుంది. మందు ఒకటే, ఇరవై ముప్పై అడుగులు పైకి రావడం. వస్తే నిమిషంలో దిగిపోతుంది, తలనొప్పి కూడా మిగలదు. అన్నీ ఇంత బాగా చెప్పి చివర్న, నాకు మాత్రం ఎక్కదులే అన్నా, అలవాటైపోయింది, అన్నాడు. వెనక సీట్లో సలోమి కిటికీలోంచి బయటకు చూస్తోంది.

ఊరి పేరు రాయను. రాస్తే ఎండాకాలం సెలవులకు ఎవడో ఒకడు ఈత కొట్టడానికి పోయి దూకుతాడు. గని ఎప్పుడో వదిలేసింది. నిలువు గోడల మధ్య నల్లటి నీళ్లు. ఆ నీళ్ల మీద డ్రమ్ముల తెప్ప కట్టి, దాని మీద ఇంజిను పెట్టి, పల్లెకు తాగే నీళ్లు, గొడ్లకు నీళ్లు, బత్తాయి తోటలకు నీళ్లు తోడేవాళ్లు. ఒక డ్రమ్ము తుప్పుపట్టి చిల్లుపడింది, తెప్ప ఒరిగింది, ఇంజిను బుడుంగుమంది. పన్నెండు రోజులైంది. ఆడవాళ్లు కడవలతో గని మెట్లు దిగి ఎక్కుతున్నారు, ఒక్కో మెట్టు మోకాలెత్తు. రాయి కట్టిన తాడు వేసి చూస్తే లోతు నూట పది అడుగులు.

ఏర్పాటు ఇట్లా చేసుకున్నాం. నీళ్ల మధ్య పల్లెవాళ్లు ముందే కట్టిపెట్టిన కొత్త తెప్ప ఒకటి, అది కదలకుండా దానికొక లంగరు తాడు, ఆ తాడు కొసన అడుగున పెద్ద బండరాయి. తెప్ప మీద నేను, మస్తాను. జయపాలు నడుముకు కట్టిన తాడు నా చేతిలో. జయపాలు చేతిలో ఇనుప కొక్కెం, దాని మోకు ఒడ్డున పాతిక మంది మగవాళ్ల చేతుల్లో. కొక్కెం ఇంజినుకు తగిలిస్తే వాళ్లు లాగుతారు. ఒడ్డున రాతి మెట్టు మీద సలోమి, చేతి గడియారం విప్పి పట్టుకుని కూర్చుంది. కింద చేయాల్సిన పనిని ఆమె బడి పలక మీద మైనపు బలపంతో రాసి, బలపంతో సహా జయపాలు మెడకు కట్టింది. కొక్కెం తగిలించు, పైకి రా. అంతే. మత్తులో అంతకుమించి గుర్తుండదంట, అందుకే అంతే రాసింది.

తాడు మాటలకు మా బావుల పద్ధతే పెట్టుకున్నాం. మా వైపు బావుల్లో పూడిక తీసేటప్పుడు పైవాడు ఎన్నిసార్లు గుంజితే కిందివాడు అన్నిసార్లు తిరిగి గుంజుతాడు. రెండుకు రెండు, మూడుకు మూడు. గుంజాడంటే మనిషి బాగున్నాడని లెక్క. తాడు గిలక్కొడితే ఇంకా వదలమని, ఒక్కసారి చాలాసేపు పట్టి గుంజితే పైకి అని. మా తాతల నుంచి వస్తున్న పద్ధతి, ఎవరూ వేలెత్తి చూపింది లేదు.

తొమ్మిదిన్నరకు జయపాలు దిగాడు. నడుముకు బరువెక్కువ కట్టుకున్నాడేమో, బావిలో చేద పడినట్టు పడిపోయాడు. అడుగు తగిలాక రెండు గుంజాను. రెండు వచ్చాయి. మూడు గుంజాను. మూడు వచ్చాయి. నా ఒంట్లో భయం మొత్తం పోయింది. ఎనిమిది నిమిషాలని సలోమి ఒడ్డు నుంచి చెప్పగానే పైకి రమ్మని పట్టి గుంజాను, తాపీగా వచ్చాడు. తల నీళ్లలోంచి లేవగానే, తగిలించినా, సైలెన్సరు కింద నుంచి వేసినా, చేత్తో తడిమి చూసినా, లాగమనండి అన్నాడు.

పాతిక మంది లాగారు. ఇంజిను కదిలిందని ఒడ్డున కేకలు. నాకు మాత్రం కాళ్ల కింద తెప్ప కదిలినట్టు అనిపించింది. నిజంగానే కదిలింది. తెప్ప మూల ఒకటి నీళ్లలోకి దిగబడింది, మస్తాను జారి నీళ్లలో పడ్డాడు, నేను డ్రమ్మును కావలించుకున్నాను. మేం ఎంత అరిస్తే ఒడ్డున అంత ఉత్సాహంగా లాగుతున్నారు. జయపాలు ఆ కొక్కేన్ని మా తెప్ప లంగరు తాడుకే తగిలించాడు. పాతిక మంది కలిసి మమ్మల్నే ముంచుతున్నారు. శివారెడ్డి గమనించి మోకు వదిలించేదాకా నా ప్రాణం ఆ డ్రమ్ము మీదే ఉంది. మస్తాను ఈదుకుంటూ వచ్చి, సిలిండరు పేలుతుందంటివి, పేలకుండానే ముంచితివి గదన్నా అన్నాడు.

నవ్వులన్నీ సలోమి పలక చూసేదాకానే. జయపాలు మెడలోంచి ఆమె దాన్ని తీసింది. ఆమె రాసిన మాటల కింద అతని చేతిరాత ఉంది. ఈడ శానా బాగుంది, నేను రాను, సలోమికి చెప్పండి. అతనికి అది రాసినట్టు గుర్తే లేదు. నా చేతిరాత కాదన్నాడు. ఆమె ఆ పలకను కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నాకప్పుడు తెలిసొచ్చింది. అంత మత్తులో ఉండి కూడా అతను నా రెండుకు రెండు, మూడుకు మూడు తప్పకుండా చెప్పాడు. అంటే అతను రానని పలక మీద రాస్తున్నప్పుడు నేను పైన నిశ్చింతగా బీడీ కోసం జేబు తడుముకుంటున్నాను.

ఒకసారి లోతుకు దిగినవాడు వెంటనే మళ్లీ దిగకూడదు, ఒంట్లో నిలిచిన గాలి పోవాలి. ఆరు గంటలు ఆగుదామన్నాడు జయపాలు, అంటే మూడున్నర. శివారెడ్డి ఇంటి నుంచి జొన్నరొట్టెలు, వంకాయ కూర, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వచ్చాయి. తెచ్చిన వంటామె నా తిండి చూసి, మునిగింది ఈయప్పనా ఆయప్పనా అని అడిగింది. ముంచింది మీరేనమ్మా, ఆకలి నాకు కాక ఎవరికుంటుందన్నాను.

తిన్నాక కానుగ చెట్టు కింద తువ్వాలు పరిచి పడుకున్నాను. కళ్లు మూసుకుని ఆలోచించాను. ఆలోచించి ఆలోచించి, మిట్టమధ్యాహ్నం ఎండలో, నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. మత్తులో ఉన్నవాడికి కూడా చెప్పింది తిరిగి చెప్పడం వస్తుంది, చెప్పనిది చెప్పడమే రాదు. కాబట్టి నేను ఎన్నిసార్లు గుంజితే అతను దానికి ఒకటి ఎక్కువ గుంజాలి. రెండుకు మూడు. మూడుకు నాలుగు. ఒకటి కలపాలంటే బుర్ర పనిచేయాలి. తప్పు చెప్పాడా, పైకి లాగడమే. లేచి ఈ మాట చెబితే జయపాలు నన్ను పైకీ కిందికీ చూశాడు.

"డ్యాములో చేసినోణ్ణి. నాకు ఒకటో తరగతి లెక్కలు పెడతాండావా?"

"పాసయితే చెప్తాలే, రెండో తరగతిలోకి ఎక్కిస్తా," అన్నాను.

అతను నవ్వాడు. నవ్వాడు కాబట్టి ఒప్పుకున్నాడు. ఇంకో రెండు షరతులు నేనే పెట్టాను. నడుము బరువు సగం తీసెయ్యాలి, నేను వదిలే కొద్దీ తాడు పట్టుకుని మెల్లగా దిగాలి. అడుగు చేరాక నిమిషం సేపు ఏమీ చేయకుండా ఊపిరి కుదుర్చుకోవాలి. ఈసారి తెప్ప లంగరు కూడా తీసేసి, దాన్ని రెండు గోడలకూ తాళ్లతో కట్టేశాం.

మూడున్నరకు దిగాడు. యాభై అడుగుల దగ్గర ఒకటి గుంజాను, రెండు వచ్చాయి. తొంభై దగ్గర మూడు గుంజాను, నాలుగు వచ్చాయి. అడుగు చేరాడు. నిమిషం ఆగి రెండు గుంజాను. జవాబు లేదు. మళ్లీ రెండు. కాసేపటికి తాడు కదిలింది. ఒకటి, రెండు. మూడోదాని కోసం చూశాను. రాలేదు.

మూడు గుంజాను. మూడే వచ్చాయి. చక్కగా, బలంగా, పొద్దున వచ్చినట్టే. పొద్దున అయితే నేను బీడీ వెలిగించేవాణ్ణి.

శివారెడ్డి ఒడ్డు నుంచి కనిపెట్టాడు. ఇంజినుకాడికి చేరినాడు గదప్పా, ఒక్క నిమిషం ఆగు, కొక్కెం తగిలించనీ, మళ్లీ దింపేదానికి పొద్దు చాలదు అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన వెనక మెట్ల మీద ఖాళీ కడవలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అదే సమయానికి తాడు నా చేతిలో గిలగిల కొట్టుకుంది. వదులు, ఇంకా వదులు అంటున్నాడు జయపాలు. చేయి తిరిగిన మనిషి, పనికి అంగుళం దూరంలో ఉన్నాడు. నేనెవణ్ణి ఆపడానికి?

సలోమి వైపు చూశాను. ఆమె గడియారం చూడటం మానేసి నన్నే చూస్తోంది.

"మూడుకు మూడే చెప్పినాడమ్మా," అన్నాను.

"అయితే తప్పే గదన్నా. లాగండి."

లాగాను. కింద నుంచి ఎదురు గుంజుతున్నాడు. మస్తాను కూడా చేయి వేశాడు. మూర మూర లెక్కపెట్టుకుంటూ పాతికడుగులు ఎత్తి ఆపాం. రెండు గుంజాను. ఏమీ లేదు. పైకి వచ్చే బుడగల చప్పుడొక్కటే. మళ్లీ రెండు గుంజాను. ఒకటి. రెండు. మూడు. నమ్మలేదు. నేను ఊరికే నమ్మే రకం కాదు. నాలుగు గుంజాను. ఐదు వచ్చాయి. ఆఖరుది విసుగ్గా, కొంచెం గట్టిగా వచ్చింది. అది మామూలు జయపాలు.

మళ్లీ మెల్లగా దింపాను. అడుగున రెండుకు మూడు చెప్పాడు, తొందరగానే. రెండు నిమిషాల్లో పని అయిపోయింది, పైకి అని తాడు పట్టి గుంజాడు. పైకి తెచ్చేటప్పుడు పదడుగుల దగ్గర పది నిమిషాలు ఆపాం, ఒంట్లో గాలి మెల్లగా పోవడానికి. నీళ్లలో అతని తల కనిపిస్తూనే ఉంది. అప్పుడు కూడా నేను రెండు గుంజాను. అతను నీళ్లలోంచి పిడికిలి చూపించాడు.

పాతిక మంది మోకు పట్టారు. ఈసారి తెప్ప కదలలేదు. ముందు మోకు బిగిసింది, తర్వాత నీళ్లు బురదగా మారాయి, చివరికి ఇంజిను చక్రం తేలింది. కొక్కెం సరిగ్గా సైలెన్సరు కిందనే ఉంది. ఆడవాళ్లు కడవలు కింద పెట్టి మోకు పట్టుకున్నారు. ఒడ్డుకు చేరాక అందరూ ఇంజిను చుట్టూ మూగారు, జయపాలు దగ్గర నేను, సలోమి మాత్రమే మిగిలాం. నన్ను ఎందుకు గుంజినావన్నా మధ్యలో, అప్పుడే గదా చేరింది అని అడిగాడు. మూడు అడిగితే మూడు చెప్పినావన్నాను. నువ్వు అడగనే లేదే అన్నాడు. నేను, మస్తాను, శివారెడ్డి, పాతిక మంది చూశామని చెప్పాను. నడుముకున్న తాడు ముడి విప్పుకున్నాడు. తర్వాత సలోమితో, ఇంకమీదట నా మాట నువ్వే గాదు, నేనూ నమ్మను అన్నాడు. ఆమె తువ్వాలు అందించింది, తల సరిగా తుడుచుకోమంది.

ఆరింటికి జీపు వాళ్లిద్దరినీ ఎక్కించుకుని నంద్యాలకు పోయింది. నేను అక్కడే ఆగి ఇంజిను మొత్తం విప్పాను. ఆయిలు మార్చి, నాజిలు కడిగి, ఎండబెట్టి, మూడో రోజు హ్యాండిలు తిప్పితే మొదట తెల్లగా, తర్వాత నల్లగా పొగ కక్కి స్టార్టయింది. పల్లె తొట్టిలోకి నీళ్లు పడుతుంటే గొడ్లు తాళ్లు తెంపుకుని వచ్చాయి.

ఆ ప్రయాణం తర్వాత నాకు ఒకటి అర్థమైంది. ఆ లోతులో మనిషికి తెలివి పోవడం ఒక ప్రమాదమైతే, పోయిందని తెలియకపోవడం రెండో ప్రమాదం. మొదటిదానికి మందుంది, ఇరవై అడుగులు పైకి రావడమే. రెండోదానికి మందు నీళ్లలో లేదు, ఒడ్డున ఉంది. మంచివాడైన జయపాలు తన మనసును తాను నమ్మాడు. అందరూ నమ్మే మనిషి కాబట్టి అతన్ని ఎవరూ ప్రశ్నించలేదు. పొద్దున నేనూ ప్రశ్నించలేదు. నా జీవితంలో ఒకణ్ణి ఊరికే నమ్మిన సందర్భం అదొక్కటే, నమ్మకూడనిదీ ఆ రోజే. మీరు ఇట్లాంటి పనికి పోతే చేయాల్సింది ఒకటే. తాడు పట్టే మనిషిని దిగే మనిషి కంటే జాగ్రత్తగా ఎంచుకోండి. జవాబు తప్పితే పెద్దరికం చూడకుండా, పని ఎంత దగ్గరికొచ్చినా సరే, లాగేసేవాడై ఉండాలి.

ఇక ఒక ఒప్పుకోలు. ఇందులో ముఖ్యమైన ముక్క ఒకటి పూర్తిగా కల్పితం. కానుగ చెట్టు కింద నా బుర్రలో ఏ మెరుపూ మెరవలేదు. మూడు జొన్నరొట్టెలు తిన్నవాడి బుర్రలో ఏం మెరుస్తుంది? గురక పెడుతున్నాను. సలోమి వచ్చి లేపింది. మా పిల్లోల్లు నేను ఏం చెప్తే అదే తిరిగి చెప్తారు అన్నా, అర్థమైందో లేదో తెలియాలంటే దాని తర్వాతది అడగాల, అంది. ఒకటి ఎక్కువ అనే లెక్క ఆమెదే. నేను చెప్పినానంటే ఆయన వినడు, మీ లెక్కేనని చెప్పండి, మీకు అబద్ధాలు కొత్తగాదు గదా అని కూడా ఆమే అంది. ఇది చదివితే జయపాలుకు తెలిసిపోతుంది. తెలియనీ. ఇప్పటికే రెండో తరగతిలోకి వచ్చాడు, వాళ్ల టీచరెవరో తెలుసుకోవద్దా?